పేట మాట – 14: ఒళ్ళు బలిసింది ఎవరికి?



ఈ వారం 'సర్దుకుపో' అనే మాట గురించి రాస్తానని పోయినసారి చెప్పాను. అది వచ్చే వారానికి పోయింది. మధ్యలో ఇంకో మాట అడ్డం వచ్చింది. అది నేను వెతుక్కున్న మాట కాదు. మా పిన్ని కొడుకు చెంప మీద పడి, నా దగ్గరికి వచ్చింది.

కడియం తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. రాజమండ్రి దాటి హైవే మీద కిందికి వస్తే కడియపులంక, కడియం, వీరవరం, బుర్రిలంక. ఎటు చూసినా నర్సరీలే. మీ ఊరి అపార్ట్‌మెంట్ గేటు ముందున్న క్రోటన్ మొక్క, మీ కాలేజీ డివైడర్ మీదున్న గన్నేరు మా దగ్గర లారీ ఎక్కి వచ్చి ఉండొచ్చు. ఫొటోల్లో పూలే కనిపిస్తాయి. నల్ల కవర్లు నింపే చేతులు కనిపించవు. పొద్దున్నే వచ్చి, ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి, కవరు నింపి, వరసలో పెట్టి, మళ్ళీ కవరు అందుకునే ఆడవాళ్ళు. మా పేట ఆడవాళ్ళలో చాలామంది పని అదే. మా పిన్నిదీ అదే.

కొబ్బరిపొట్టు ఇటుకల్లా గట్టిగా నొక్కి వస్తుంది. తొట్టిలో పడేసి నీళ్ళు పోస్తే కాసేపటికే ఉబ్బి తొట్టి నిండిపోతుంది. చిన్నప్పుడు మాకు అదో ఆట. "చూస్తా ఉండు, ఉబ్బుద్ది" అనేది పిన్ని. ఉబ్బేది. ఆ పొట్టుని ఎవరూ తిట్టేవారు కాదు. అది ఉబ్బితేనే కదా పని జరిగేది.

ఇప్పుడు విషయం. పిన్నికి మూడు వారాల కూలి ఆగిపోయింది. "వచ్చే శనివారం" అని రెండు శనివారాలు గడిచాయి. మూడో శనివారం తమ్ముడు వెళ్ళాడు. రాజమండ్రిలో డిగ్రీ రెండో సంవత్సరం. బండి పక్కన పెట్టి, హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని అడిగాడు: "ఏవండీ, మా అమ్మ డబ్బులు మూడు వారాలవి ఉండిపోయాయండి. లెక్క చూసి ఇస్తే తీసుకెళ్తానండి."

ఎన్ని 'అండీ'లున్నాయో లెక్కపెట్టండి. మా గోదారి జిల్లాల మర్యాద అంతా అందులో ఉంది. వచ్చిన జవాబు:

"ఏరా, నాలుగక్షరాలు వచ్చేసరికి ఒళ్ళు బలిసిందా? నన్నే లెక్క అడుగుతావా?"

అక్కడ లారీకి మొక్కలు ఎక్కిస్తున్నవాళ్ళు ఐదారుగురున్నారు. మొక్కలు కొనడానికి వచ్చిన బయటి ఊరివాళ్ళు ఇద్దరున్నారు. కవర్ల వరస దగ్గర వాళ్ళమ్మ ఉంది. తమ్ముడు అన్నాడు: "లెక్కే అడిగానండి. అప్పు అడగలేదు కదండీ." అంతే. చెంప పగిలింది. వేలికున్న ఉంగరం కంటి కింద తగిలింది. సాయంత్రానికి కన్ను మూసుకుపోయేంత వాచింది.

స్టేషన్‌కి వెళ్ళాం. ఆ స్టేషన్ పేరు, ఆ ఆసామి పేరు ఇక్కడ రాయను. అవి ఉండాల్సిన కాగితం వేరే ఉంది. తమ్ముడు చెబుతుంటే రాసే ఆయన రాస్తున్నాడు. "ఒళ్ళు బలిసిందా అన్నారండి" అన్నచోట పెన్ను ఆగింది. "అదేం తిట్టమ్మా? మా అబ్బాయిని నేను రోజూ అంటాను. కులం పేరు పెట్టాడా? లేదు కదా. వదిలెయ్యండి" అన్నాడు. కాగితం మీద మిగిలింది మూడు మాటలు: 'దుర్భాషలాడి చేయి చేసుకున్నాడు.'

ఆయన వదిలేసిన ఆ ఒక్క మాటని తిరిగి కాగితం మీద పెట్టడానికే ఈ భాగం.

* * *

తెలుగులో ఉబ్బడానికి, పెరగడానికి క్రియలకి కరువు లేదు. పాలు పొంగుతాయి. పూరీ పొంగుతుంది. గోదారి పొంగుతుంది, పసుపు కుంకుమ వేసి దణ్ణం పెడతాం. నానబెట్టిన శనగలు ఉబ్బుతాయి. కంద దుంప మట్టిలో ఊరుతుంది. దెబ్బ తగిలినచోట వాస్తుంది. ఏ వస్తువుకి ఏ క్రియ వాడాలో మనకెవరూ నేర్పలేదు. నాలుకకి తెలుసు.

మనుషులకి వాడే క్రియలూ నాలుకకి తెలుసు. తేడా ఏంటంటే, అక్కడ నాలుక మనిషిని చూసి కాకుండా మనిషి ఇల్లు ఊళ్ళో ఏ వైపుందో చూసి క్రియ ఎంచుకుంటుంది.

ఆసామి కొడుకు అమెరికా వెళ్ళి ఇల్లు కొంటే 'ఎదిగాడు'. ఇంకో రెండెకరాలు కలిస్తే 'కలిసొచ్చింది'. పెళ్ళయ్యాక పొట్ట వస్తే 'కాస్త ఒళ్ళు చేశాడు, నిండుగా ఉన్నాడు'. వాళ్ళమ్మాయి ఎదురు మాట్లాడితే 'చురుకైన పిల్ల'. వాళ్ళబ్బాయి తాగి బండి మీద పేటలోకి దూసుకొస్తే 'కుర్రతనం'.

ఇక మాది. పెంకులు తీసి శ్లాబు వేస్తే బలిసింది. మా అబ్బాయి మీసం తిప్పితే బలిసింది. పెళ్ళి ఊరేగింపు మెయిన్ రోడ్డు ఎక్కితే బలిసింది. అరుగు మీద కూర్చున్నవాడు ఆసామిని చూసి లేవకపోతే బలిసింది. కూలి పెంచమంటే బలిసింది. ఉన్న కూలే ఇమ్మంటే, అదిగో, తమ్ముడి చెంప.

'ఒళ్ళు చేశాడు', 'ఒళ్ళు బలిసింది'. రెండింట్లోనూ ఉన్నది అదే ఒళ్ళు, అదే పెరుగుదల. ఒక దానికి నవ్వుతూ ఇంకో గరిటె వడ్డిస్తారు. ఇంకో దానికి చేయి లేస్తుంది.

భాష చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇక్కడ వ్యాకరణం కాస్త చూడండి. 'నువ్వు ఎదిగావు' అన్నప్పుడు కర్త నువ్వు. ఆ పని చేసింది నువ్వు, దాని గొప్పా నీదే. 'నీకు ఒళ్ళు బలిసింది' అన్నప్పుడు కర్త నువ్వు కాదు, ఒళ్ళు. నువ్వు 'నీకు' అయిపోయావు. నీకు జ్వరం వచ్చింది, నీకు కాలు వాచింది, నీకు ఒళ్ళు బలిసింది. మూడూ ఒకే అచ్చులో పోసిన వాక్యాలు. తమ్ముడు చదివిన చదువు, అడిగిన లెక్క, పట్టుకున్న హెల్మెట్ అన్నీ అతను చేసినవి. ఆ వాక్యం వాటన్నిటినీ తుడిచేసి, అతన్ని రోగం పట్టిన ఒక ఒంటిగా మార్చేసింది.

రోగం అన్నాక వైద్యం ఉండాలి కదా. అందుకే ఈ క్రియ ఎప్పుడూ ఒంటరిగా రాదు. వెనకాల ఇంకో క్రియని వెంటేసుకుని వస్తుంది. బలుపు 'దించుతాను'. కొవ్వు 'కరిగిస్తాను'. తీట 'తీరుస్తాను'. పొగరు 'అణుస్తాను'. అన్నీ మందు వేసే క్రియలే, వాపు తగ్గించే క్రియలే. చూసిన సంగతి చెప్పడానికి ఎవరూ 'బలిసింది' అనరు. కొట్టబోయే ముందు కొట్టడానికి కారణం ప్రకటించడానికి అంటారు. అది తీర్పు. దెబ్బ ఆ తీర్పు అమలు. తీర్పు రాయకుండా అమలు మాత్రమే రాసుకుంటే కేసులో ఏం మిగులుతుంది? 'ఇద్దరి మధ్య గొడవ' మిగులుతుంది.

* * *

వాపుని చూసి బలుపనుకోవద్దని సామెత. పెద్ద తెలివైన సామెత అని బళ్ళో అర్థం చెప్పారు. మా ఇంట్లో ఆ సామెత ఒక కాలు.

మా నాయనమ్మకి బోదకాలు. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. మురుగు నిలిచినచోట దోమ, దోమ వెంట ఫైలేరియా. పగలు రక్తం తీస్తే ఆ పురుగులు సరిగ్గా దొరకవు, రాత్రిపూట రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య శాఖ వాళ్ళు రాత్రిళ్ళు వచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకెళ్ళేవారు. ఊరి నీళ్ళన్నీ దిగేది మా పేట వైపే. కాలవ కింద, డ్రెయిన్ గట్టు మీద ఇల్లు వేసుకున్నవాళ్ళకి దోమ ఎక్కువ కుట్టిందంటే అది దోమ తప్పు కాదు. ఇల్లు ఎవరెక్కడ కట్టుకోవాలో నిర్ణయించినవాళ్ళది.

ఆ కాలుతోనే ఆవిడ ఊడ్పులకి వెళ్ళింది. ఒకరోజు గట్టు మీద నిలబడ్డ ఒకాయన ఆ కాలు చూసి, "ఏం తిని ఇంత బలిశావే?" అన్నాడట. అందరూ నవ్వారట. తనూ నవ్వానని మా నాయనమ్మ చెప్పింది. మరి ఏం చేస్తుంది? అన్నానికి మొహం వాచిపోయిన మనిషిని పట్టుకుని, వాచిన కాలు చూపించి, బలిశావన్నారు.

సామెత చెప్పే హెచ్చరిక ఎవరికో అర్థమైందా? వాపుని బలుపనుకునే పొరపాటు మేమెప్పుడూ చేయలేదు. మా వాపు నొప్పి మాకు తెలుసు. ఆ పొరపాటు చేసిందీ, చేస్తున్నదీ గట్టు మీద నిలబడ్డవాళ్ళు.

ఇప్పుడు మా ఇళ్ళలో నిజంగానే కాస్త బలం వచ్చింది. బలం అనే మాటని ఒత్తి చెబుతున్నాను. మూడు పూటలా అన్నం, పిల్లకి డిగ్రీ, పిల్లాడికి ఒక బండి, చేతిలో ఫోను. ఇది వాపు కాదు, రోగం కాదు. ఏ ఇంట్లోనైనా ఒక తరం కష్టపడితే వచ్చే మామూలు కండ. దాన్ని కొట్టి కొట్టి మళ్ళీ వాపు చేస్తున్నారు. శనివారం పొద్దున తమ్ముడి మొహంలో ఉన్నది బలం. సాయంత్రానికి ఉన్నది వాపు.

* * *

2013లో 'బలుపు' అని ఒక సినిమా వచ్చింది. రవితేజ హీరో. పోస్టర్ మీద ఆ మాట ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో గుర్తుందా? థియేటర్లో ఈలలు. మా పేట కుర్రాళ్ళూ ఈల వేశారు, నేనే తీసుకెళ్ళిన పిల్లలూ వేశారు. తెర మీద బలుపు అంటే హీరోయిజం. ఎవరికీ భయపడకపోవడం, ఎదుటివాడి కళ్ళలోకి చూసి మాట్లాడటం, తన లెక్క తాను తేల్చుకోవడం.

హాలు బయటికొచ్చి అదే కుర్రాడు అదే పని చేస్తే? కళ్ళలోకి చూసి లెక్క అడిగితే? తెర మీద టైటిల్ అయిన మాట ఇక్కడ శిక్ష అవుతుంది. కాబట్టి మాట తప్పుదనీ, దాన్ని నిషేధించాలనీ నేను అనడం లేదు. ఆ మాటని ఎవరు బిరుదులా మోస్తారు, ఎవరు దెబ్బలా మోస్తారు అనేదే ప్రశ్న.

మరీ ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా అంటారా? అయితే చరిత్రలోకి రండి. మా ఒళ్ళు 'బలిసిన' సందర్భాలు కొన్ని చెబుతాను. ఆ రోజుల్లో ఎవరి నోట ఏ మాట వచ్చిందో నాకు అక్కర్లేదు. ఏ పనికి ఏ శిక్ష పడిందో చూడండి చాలు.

ప్రకాశం జిల్లా కారంచేడు, 1985 జూలై. మా వాళ్ళు తాగే చెరువు నీళ్ళని పాడు చేయొద్దని ఒక మాదిగ కుర్రాడు అడ్డు చెప్పాడు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త తన మీదికొచ్చినవాళ్ళకి ఎదురుగా బిందె ఎత్తింది. జూలై 17న మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. 'బలిసింది' ఒక బిందె.

గుంటూరు జిల్లా చుండూరు, 1991. సినిమా హాల్లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీటుకి తగిలింది. దాంతో మొదలై, సాంఘిక బహిష్కరణ దాటి, ఆగస్టు 6న ఎనిమిది మంది శవాల దాకా వెళ్ళింది. 'బలిసింది' ఒక కాలు.

ఇక మన ఇంటి దగ్గరికి వద్దాం. కడియం నుంచి కాలవ వెంట పోతే రామచంద్రపురం. ఆ మండలంలో వెంకటాయపాలెం. 1996 డిసెంబర్ 29. ఐదుగురు దళిత యువకుల్ని హింసించి, ఇద్దరికి గుండు గీయించారు, కనుబొమలు కూడా గీయించారు. 'బలిసింది' తల.

2020 జూలై. రాజమండ్రికి అవతల సీతానగరం. ఇసుక లారీల మీద గొడవలో ఒక దళిత యువకుడిని తీసుకెళ్ళి పోలీస్ స్టేషన్‌లోనే కొట్టి గుండు గీశారు. పాతికేళ్ళు తిరక్కుండానే మళ్ళీ అదే జిల్లాలో అదే తల.

2022 మే 24, అమలాపురం. కోనసీమ జిల్లా పేరుకి ముందు అంబేద్కర్ పేరు చేర్చబోతే మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఈసారి 'బలిసింది' మనిషి కూడా కాదు. ఒక బోర్డు మీద పేరు.

బిందె, కాలు, తల, పేరు. ఏది ఉండాల్సిన కొలత కంటే రవ్వంత పైకి లేచినా ఊరు దాన్ని వాపు అంటుంది. ఆ కొలత ఎవరు గీశారో మాత్రం ఎవరూ అడగరు.

ఇంకో సంగతి. మా ఒళ్ళు బలుస్తుందంటారు గానీ, నిజంగా సాగేవి మా కేసులు. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు కొట్టేసింది. వెంకటాయపాలెం కేసులో విశాఖ కోర్టు తీర్పు 2024 ఏప్రిల్ 16న వచ్చింది. ఇరవై ఏడేళ్ళు దాటాక. పడిన శిక్ష పద్దెనిమిది నెలలు. గుండు గీసినచోట జుట్టు మళ్ళీ మొలిచి, నెరిసి, రాలిపోయేంత కాలం.

* * *

ఇప్పుడు నాకు ఎదురు చెప్పేవాళ్ళ మాటలు. మూడున్నాయి. మూడూ బలమైనవే.

ఒకటి. "అందరూ అందర్నీ అంటారు. తండ్రి కొడుకుని అనడా?" అంటాడు. స్టేషన్‌లో ఆయనా అదే చెప్పాడు. అయితే తండ్రి అన్నాక కొడుకు అదే ఇంట్లో అన్నం తింటాడు, ఆస్తిలో వాటా తీసుకుంటాడు. రేపు ఆ కొడుకే ఇంకొకర్ని ఆ మాట అంటాడు. మా తమ్ముడు తిరిగి ఆసామిని ఆ మాట అనగలడా? అనలేని చోట అది ముద్దు తిట్టు కాదు.

రెండు. "డబ్బున్నవాళ్ళని మీరూ బలిసినోళ్ళు అంటారుగా?" అంటాం, నిజమే. ఎక్కడ అంటాం? వంటింట్లో, కల్లుపాక దగ్గర, కవర్లు నింపుకుంటూ గొంతు తగ్గించి. వాళ్ళు మమ్మల్ని ఎక్కడంటారు? నడి రోడ్డు మీద, పది మందిలో, మొహం మీద. గొంతు తగ్గించి అనేది ఏడుపు. గొంతు పెంచి అనేది అధికారం. ఈ 'పది మందిలో' అనే ముక్క గుర్తుపెట్టుకోండి, చట్టం దగ్గర పనికొస్తుంది.

మూడోది నాకు కష్టమైనది. ఈ మాట మొట్టమొదట నేను విన్నది ఆసామి నోట కాదు. మా నాన్న నోట. తొమ్మిదో తరగతిలో సైకిల్ తొక్కుకుంటూ కాలవ గట్టు దాకా వెళ్ళొస్తే, "ఆడపిల్లవి, ఒళ్ళు బలిసిందా?" అన్నాడు. చెయ్యీ లేచింది. పొద్దున పొలంలో తను పడ్డ మాట సాయంత్రం ఇంట్లో నా మీద దించుకున్నాడు. అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైనా, క్షమించేసి పక్కన పెట్టే విషయం కాదు. మన ఇళ్ళలో కోడలు నైటీ వేసుకుంటే బలిసింది. కూతురు ఫోను దాచుకుంటే బలిసింది. కొత్తగా ఉద్యోగం వచ్చిన పక్కింటివాడు పలకరించకపోతే బలిసింది. మాల, మాదిగ ఒకరినొకరు అనుకునేటప్పుడూ ఇదే మాట. దెబ్బ తిన్న కర్రని దాచుకొచ్చి మన ఇంట్లోనే వాడుతున్నాం. ఆసామి మీద కేసు పెట్టాలంటే ముందు మన గుమ్మం లోపల ఈ మాట ఆగాలి. ఉద్యమంలో ఉన్న అన్నలకి ప్రత్యేకంగా చెబుతున్నాను. మీటింగులో మైకు అడిగిన చెల్లెలి గురించి వెనకాల మీరు ఏ క్రియ వాడుతున్నారో ఒకసారి వినండి.

* * *

ఇక చట్టం. స్టేషన్‌లో ఆయన అడిగింది "కులం పేరు పెట్టాడా?" అని. చాలామంది విద్యార్థులు అక్కడే ఆగిపోతారు. కులం పేరు రాలేదు కాబట్టి అట్రాసిటీ కేసు లేదనుకుంటారు.

1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015 సవరణ తర్వాత ఉన్న రూపంలో చదవండి. సెక్షన్ 3(1)లో 'ఎస్' అనే క్లాజు కులం పేరుతో తిట్టడం గురించి. దాని ముందున్న 'ఆర్' క్లాజు వేరు. జనం చూసే చోట, కించపరచాలనే ఉద్దేశంతో, కావాలని అవమానించినా బెదిరించినా నేరమే అంటుంది. అందులో కులం పేరు నోటితో పలకాలన్న షరతు లేదు. బలవంతంగా గుండు గీయడం, మీసం తీయించడం గురించి 'ఇ' క్లాజు ఉంది.

అయితే ఇది పూల బాట కాదు. 2020 నవంబర్‌లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు రెండు సంగతులు చెప్పింది. బయటివాళ్ళెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్నది 'జనం చూసే చోటు' కాదు. బాధితుడు ఎస్సీ అయినంత మాత్రాన చాలదు, ఆ కులంవాడు కావడం వల్లే అవమానించి ఉండాలి. తీర్పు మనకి నచ్చినా నచ్చకపోయినా ఫిర్యాదు రాసేటప్పుడు అది గుర్తుండాలి. అందుకే నేను మాట కోసం పట్టుబడుతున్నాను. 'దుర్భాషలాడాడు' అని రాస్తే అందులో ఏముంది? ఏ మాట, ఎక్కడ, ఎవరెవరు వినగా, దానికి ముందు మనవాడు ఏమడిగాడు? ఇవన్నీ ఉంటే ఆ మాట వెనకున్న కులం కనిపించడం మొదలవుతుంది. అదే లెక్క ఇంకో వీధి కుర్రాడు అడిగినప్పుడు ఆసామి నోట ఏం వచ్చిందో చెప్పే సాక్షి దొరికితే ఇంకా కనిపిస్తుంది.

ఇంకొకటి, ఇది బట్టీ పట్టండి. సెక్షన్ 4. ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి తన విధిని కావాలని నిర్లక్ష్యం చేస్తే అదే ఒక నేరం. నోటితో చెప్పింది రాసుకున్నాక, సంతకం తీసుకునే ముందు ఫిర్యాదుదారుకి చదివి వినిపించడం ఆ విధుల్లో ఒకటి. ఎఫ్ఐఆర్ కట్టడం ఒకటి. కాపీ వెంటనే ఇవ్వడం ఒకటి. "సార్, రాసింది ఒకసారి చదవండి" అనండి. గొంతు పెంచక్కర్లేదు. మా గోదారి 'అండీ' పెట్టే అడగండి.

కోనసీమ కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు 'పోలీసులు అరెస్టు చేస్తే' అని పుస్తకం రాశారు. ఎందుకు రాశారు? స్టేషన్ మెట్లెక్కే మనిషికి తన హక్కు తన భాషలో తెలియాలని. అరెస్టు చేస్తే ఏం చేయాలో ఆయన చెప్పారు. ఫిర్యాదు రాసేటప్పుడు మన మాట మన కళ్ళ ముందే మాయం చేస్తే ఏం చేయాలో మనం చెప్పుకోవాలి.

* * *

ఆదివారం మళ్ళీ వెళ్ళాం. ఈసారి తమ్ముడు చేత్తో రాసిన కాగితం పట్టుకుని వెళ్ళాడు. ఆసామి అన్న వాక్యం అన్నట్టే ఉంది. 'ఏరా'తో సహా. లారీ లోడింగ్ చేసే ఒకాయన, మా కులం కాదు, "నేను విన్నానండి, చెబుతాను" అని వచ్చాడు. ఆయనకి రేపు ఆ నర్సరీలో లోడు దొరక్కపోవచ్చు. అది తెలిసే వచ్చాడు. రాసే ఆయన కాగితం రెండుసార్లు చదివి, పైవాళ్ళతో మాట్లాడి, తీసుకున్నాడు. చదివి వినిపించాడు. కాపీ మా దగ్గరుంది. దాని తర్వాత ఏమవుతుందో చూడాలి.

సోమవారం నుంచి పిన్నిని పనిలోకి రావద్దన్నారు. మూడు వారాల కూలి ఇంకా రాలేదు. మధ్యలో పెద్దమనుషులు కబురు పెట్టారు. "ఏదో నోరు జారాడు. కూలి డబ్బులు ఇప్పిస్తాం, కాగితం వెనక్కి తీసుకోండి" అని. ఆవిడ కూలి ఆవిడకివ్వడానికి మేం కేసు వదులుకోవాలట. అది రాజీ ఎలా అవుతుందో మీరే చెప్పండి.

నిన్న రాత్రి పిన్నిని అడిగాను, ఏం చేద్దామని. పని పోయింది ఆవిడకి, నాకు కాదు. కాబట్టి మాట ఆవిడదే. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగింది: "ఆ మాట కాగితంలో ఉందా?" ఉందని చెప్పాను. "అయితే ఉండనీ" అంది.

రాజమండ్రిలో కుసుమ ధర్మన్న గారు 'మాకొద్దీ నల్ల దొరతనము' రాసి వందేళ్ళు దాటింది. తెల్ల దొర పోతే చాలదు, ఊళ్ళో దొర సంగతేంటని అప్పుడే అడిగిన గొంతు అది. ఇదే తూర్పు గోదావరి నుంచి వచ్చిన బోయి భీమన్న గారు 'పాలేరు' నాటకంలో పాలేరుని చదివించి పైకి తెచ్చారు. అడగడం మా జిల్లాకి కొత్త కాదు. చదువుకుని పైకి రావడమూ కొత్త కాదు. దాన్ని బలుపు అనడం ఒక్కటే ఇంకా పాతబడలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళతో ఈ నేల బలపడింది. మా ఆడవాళ్ళ చేతులతో ఈ నర్సరీలు పెరిగాయి. కవర్లో మొక్క బలంగా వస్తే ఆసామి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి ధర చెబుతాడు. ఆ కవరు నింపిన మనిషి కొడుకు బలంగా నిలబడితే మాత్రం కన్ను వాచేలా కొడతాడు.

మేం పెరుగుతున్నాం. మీరు ఏ క్రియ వాడినా పెరుగుతాం. వాడిన క్రియని మాత్రం ఇకనుంచి రాసి పెట్టుకుంటాం. తేదీతో, చోటుతో, సాక్షితో.

మీ మీద ఈ మాట పడిన రోజు, పడిన చోటు, మీరప్పుడు ఏం అడిగారో ఒక కాగితం మీద రాసి దాచుకోండి. కేసు పెట్టినా పెట్టకపోయినా రాయండి. దాంతోపాటు ఈ మాట మీరు ఎవరి మీద వాడారో కూడా రాయండి. అది ఇంకా ముఖ్యం.

వచ్చే వారం తప్పకుండా 'సర్దుకుపో'. పెద్దమనుషుల కబురు పుణ్యమా అని దానికి సరుకు కూడా దొరికింది.

జై భీమ్.